జేబు ప్రొజెక్టర్

జేబు ప్రొజెక్టర్ అంటే అరచేతిలోనో చిన్న సంచిలోనో పట్టే, బ్యాటరీతో నడిచే, గోడ మీద గానీ తెర మీద గానీ బొమ్మ వేసే పరికరం. పికో ప్రొజెక్టర్, మినీ ప్రొజెక్టర్, పోర్టబుల్ ప్రొజెక్టర్ అనే పేర్లు కూడా వాడుకలో ఉన్నాయి. నిజంగా చొక్కా జేబులో పట్టేవి వంద గ్రాముల పైచిలుకు బరువుంటాయి. కూల్‌డ్రింక్ డబ్బా అంత ఉండేవి అరకిలో దాకా, కొంచెం పెద్దవి కిలో దాకా తూగుతాయి. సెల్‌ఫోన్, ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్ లేదా వైఫై నుంచి వీడియో తీసుకుని, సామాన్యంగా 30 నుంచి 100 అంగుళాల బొమ్మ వేయగలవు. ఇంట్లో సినిమా చూడటానికి, బడిలో పాఠానికి, ఆఫీసులో ప్రజెంటేషన్‌కు, ఊళ్లో రైతుల సమావేశానికి వీటిని వాడుతున్నారు.

కామారెడ్డి జిల్లా గాంధారి వంటి మండల కేంద్రంలో, దాని చుట్టూ ఉన్న ఊళ్లు, తండాల్లో ఈ పరికరం వల్ల లాభం ఎంత, పరిమితి ఎక్కడ అన్నది ప్రధానంగా మూడింటి మీద ఆధారపడి ఉంటుంది: పరికరం ఇచ్చే వెలుగు, చుట్టూ ఉన్న చీకటి, చూసే జనం సంఖ్య. మిగతా హంగులన్నీ వీటి తరువాతే.

పూర్వ చరిత్ర

వెలుగును, తెరను జోడించి పదిమందికి కథ చెప్పే అలవాటు తెలుగువారికి కొత్త కాదు. తోలుబొమ్మలాటలో తెల్లని పంచె వెనక దీపం పెట్టి, దీపానికీ తెరకూ నడుమ రంగుల తోలుబొమ్మలు ఆడించేవారు. ఊరి జనం తెరకు ఇవతల కూర్చుని రామాయణ, భారత కథలు తెల్లవార్లూ చూసేవారు. తెలంగాణలో చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటాలను విప్పుతూ, ఒక్కో గడి చూపిస్తూ కులపురాణాలు చెప్పే పటం కథకుల సంప్రదాయం ఉంది. ఈ రెండింటిలోనూ ఆట ఊరికి నడిచి వచ్చేది. చూసేవారు పట్నం పోవలసిన పని ఉండేది కాదు.

కటకాలతో బొమ్మను పెద్దది చేసి గోడ మీద వేసే మాయాదీపాన్ని డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1659 ప్రాంతంలో రూపొందించాడు. 1896 జులై 7న బొంబాయిలోని వాట్సన్ హోటల్‌లో ల్యూమియేర్ సోదరుల కదిలే బొమ్మలు వేయడంతో భారతదేశంలో సినిమా ప్రదర్శన మొదలైంది. తెలుగువారిలో దీన్ని వృత్తిగా చేపట్టిన తొలితరం వ్యక్తి రఘుపతి వెంకయ్య నాయుడు. మచిలీపట్నంలో 1869లో పుట్టి, మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన ఆయన, బొమ్మతో పాటు శబ్దం కూడా వినిపించే క్రోనో మెగాఫోన్ అనే యంత్రాన్ని విదేశం నుంచి తెప్పించాడు. 1910 నాటికి మద్రాసులో ప్రదర్శనలు ఇచ్చి, తరువాత ఆ యంత్రంతో ఊళ్లు తిరిగి బర్మా, సింహళం దాకా వెళ్లాడు. ఆపైన మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టించాడు. తెలుగు సినిమా పితామహుడిగా పేరొందిన ఆయన జీవితం సొంత హాలుతో మొదలు కాలేదు, మోసుకు తిరిగిన ప్రొజెక్టర్‌తో మొదలైంది.

1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు టాకీ వచ్చాక డేరా టాకీసులు ఊళ్లకు వెళ్లాయి. డేరా వేసి, డైనమో పెట్టి, నేల, బెంచీ, కుర్చీ తరగతుల్లో టికెట్లు అమ్మేవారు. వెయ్యి అడుగుల 35 మిల్లీమీటర్ల రీలు సుమారు 11 నిమిషాలే నడుస్తుంది. ఒకే ప్రొజెక్టర్ ఉన్న డేరాలో రీలు మార్చేటప్పుడల్లా ఆట ఆగేది. 1923లో కొడాక్ సంస్థ తెచ్చిన 16 మిల్లీమీటర్ల ఫిల్ము, దానికి తగిన తేలికపాటి ప్రొజెక్టర్ ఈ భారాన్ని తగ్గించాయి. స్వాతంత్య్రం తరువాత ప్రభుత్వ ప్రచార శాఖల వ్యాన్లు ఇలాంటి ప్రొజెక్టర్లతోనే ఊరి నడిబొడ్డున తెర కట్టి కుటుంబ నియంత్రణ, వ్యవసాయం, ఆరోగ్యం మీద చిత్రాలు వేసేవి.

1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు సాగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం, అంటే ‘సైట్’, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు సామూహిక టీవీని తెచ్చింది. 1980లలో వీసీఆర్ వచ్చింది. పండుగకో పెళ్లికో కలర్ టీవీ, వీసీఆర్, నాలుగు క్యాసెట్లు కిరాయికి తెచ్చి రాత్రంతా వరుసగా సినిమాలు వేసుకోవడం తెలంగాణ పల్లెల్లో ఒక తరానికి బాగా తెలిసిన సంగతి. జేబు ప్రొజెక్టర్‌ను ఈ వరుసలోనే చూడాలి. డేరా, వ్యాను, వీసీఆర్ కిరాయి చేసిన పనిని ఇది ఒక్క మనిషి సంచిలోకి తెచ్చింది.

సాంకేతిక వికాసం

ప్రొజెక్టర్ ఇంత చిన్నది కావడానికి రెండు ఆవిష్కరణలు దారి వేశాయి. మొదటిది 1987లో అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో లారీ హార్న్‌బెక్ కనిపెట్టిన సూక్ష్మ అద్దాల చిప్. గోరంత చిప్ మీద లక్షల అద్దాలుంటాయి. జేబు ప్రొజెక్టర్లలో ఒక్కో అద్దం వెడల్పు మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. ప్రతి అద్దం సెకనుకు వేల సార్లు అటూ ఇటూ వాలుతూ వెలుగును తెర వైపు పంపుతుంది లేదా పక్కకు తిప్పేస్తుంది. తెర వైపు ఎక్కువ సేపు ఉంటే ఆ చుక్క తెల్లగా, తక్కువ సేపు ఉంటే ముదురుగా కనిపిస్తుంది. దీన్నే డీఎల్పీ పద్ధతి అంటారు. నేటి డిజిటల్ సినిమా హాళ్లలో ఎక్కువ భాగం ఇదే పద్ధతితో నడుస్తున్నాయి. ఈ ఆవిష్కరణకు హార్న్‌బెక్ 2015లో ఆస్కార్ సంస్థ సాంకేతిక పురస్కారం అందుకున్నాడు.

రెండోది ఎల్‌ఈడీ. 1990ల మొదట్లో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ తయారు కావడంతో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ చేతికి వచ్చాయి. నీలి ఎల్‌ఈడీ సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. పాత ప్రొజెక్టర్లలోని పాదరస దీపం వందల వాట్లు తాగి, విపరీతంగా వేడెక్కి, కొన్ని వేల గంటలకు మార్చవలసి వచ్చేది. ఎల్‌ఈడీ తక్కువ కరెంటుతో వెలుగుతుంది, స్విచ్ వేయగానే అందుకుంటుంది, తయారీదారుల లెక్కన 20,000 గంటల పైన పనిచేస్తుంది.

ఈ రెండూ కలిసి 2008 చివర్లో ఆప్టోమా పీకే101 వంటి తొలి జేబు ప్రొజెక్టర్లు వెలువడ్డాయి. దాని వెలుగు పది ల్యూమెన్ల (ల్యూమెన్ వెలుగుకు కొలమానం) దరిదాపుల్లో ఉండేది. 2009లో నికాన్ సంస్థ ప్రొజెక్టర్ ఉన్న కెమెరాను, 2012లో శామ్‌సంగ్ 15 ల్యూమెన్ల ప్రొజెక్టర్ ఉన్న గెలాక్సీ బీమ్ ఫోన్‌ను తెచ్చాయి. మరీ చిన్న బొమ్మకు తప్ప ఆ వెలుగు చాలలేదు, ఫోన్ బ్యాటరీ అంత భారం మోయలేకపోయింది. దాంతో ఆ దారి పెద్దగా సాగలేదు. 2017లో యాంకర్ సంస్థ తెచ్చిన నెబ్యులా క్యాప్సూల్ డబ్బా ఆకారంలో, వంద ల్యూమెన్ల వెలుగుతో, ఆండ్రాయిడ్‌తో, సొంత స్పీకర్‌తో వచ్చింది. అప్పటి నుంచి జేబు ప్రొజెక్టర్ ఫోన్‌కు తోకగా కాక విడి పరికరంగా నిలదొక్కుకుంది. 2022లో శామ్‌సంగ్ ఫ్రీస్టైల్ 830 గ్రాముల బరువుతో వచ్చింది. బొమ్మ వంకరను, ఫోకస్‌ను తనంతట తానే సరిచేసుకోవడం దాని ప్రత్యేకత. బ్యాటరీ మాత్రం విడిగా కొనాలి.

పనిచేసే పద్ధతులు

జేబు ప్రొజెక్టర్లలో నాలుగు పద్ధతులు కనిపిస్తాయి. డీఎల్పీలో మూడు రంగుల ఎల్‌ఈడీలు ఒకదాని వెంట ఒకటి వెలుగుతూ పోతాయి. కన్ను వాటిని కలిపి ఒకే బొమ్మగా చూస్తుంది. చూపు వేగంగా తిప్పినప్పుడు కొందరికి అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులు మెరిసినట్టు అనిపించడం దీని లోపం. ఎల్‌సీడీ పద్ధతిలో తెల్లని వెలుగు ఒక చిన్న పారదర్శక తెర గుండా వెళ్లి కటకం దాటుతుంది. తయారీ చవక కాబట్టి తక్కువ ధర పరికరాలు ఎక్కువగా ఇవే. కాకపోతే వెలుగులో సగానికి పైగా దారిలోనే పోతుంది, పెట్టె కూడా పెద్దది. ఎల్‌కాస్ పద్ధతిలో ద్రవస్ఫటిక పొర వెనక అద్దం ఉంటుంది. లేజర్ పద్ధతిలో కిరణాన్ని గీతలు గీతలుగా తెర మీద తిప్పి బొమ్మ గీస్తారు. దీనికి ఫోకస్ తిప్పే పని లేదు. బొమ్మ మీద మాత్రం సన్నని ఇసుక చల్లినట్టు మెరుపు కనిపిస్తుంది.

పరికరానికీ తెరకూ మధ్య దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది త్రో నిష్పత్తి. అది 1.2 అయితే వంద అంగుళాల బొమ్మకు, అంటే సుమారు 2.2 మీటర్ల వెడల్పుకు, పరికరాన్ని 2.65 మీటర్ల దూరంలో పెట్టాలి. దాదాపు తొమ్మిది అడుగులు. ఇలాంటి వాటిలో చాలా వరకు జూమ్ ఉండదు కాబట్టి బొమ్మ పెంచాలంటే పరికరాన్ని వెనక్కి జరపడమే మార్గం. పరికరాన్ని వాలుగా పెడితే బొమ్మ ఒక వైపు వెడల్పుగా, ఒక వైపు సన్నగా పడుతుంది. దీన్ని సరిచేసే కీస్టోన్ సదుపాయం బొమ్మను డిజిటల్‌గా కత్తిరించి నిలబెడుతుంది. అలా చేసినప్పుడు స్పష్టత కొంత పోతుంది. అందుకే పరికరాన్ని తెర మధ్యకు ఎదురుగా ఒక స్టూల్ మీదో ట్రైపాడ్ మీదో నిలపడం మేలు.

వెలుగు లెక్క

పరికరం నుంచి వచ్చే మొత్తం వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. తెర మీద ఒక చదరపు మీటరుకు పడే వెలుగు లక్స్. వంద అంగుళాల తెర విస్తీర్ణం సుమారు 2.76 చదరపు మీటర్లు. 200 ల్యూమెన్ల పరికరం దాని మీద 72 లక్స్ వెలుగు వేస్తుంది. మామూలు తెల్ల తెర దాన్ని తిప్పికొట్టినప్పుడు కంటికి అందే కాంతి 23 నిట్లు. సినిమా హాళ్లకు పాటించే ప్రమాణం సుమారు 48 నిట్లు. అంటే హాలు వెలుగులో సగం కన్నా తక్కువ.

అదే పరికరంతో బొమ్మను 70 అంగుళాలకు తగ్గిస్తే కాంతి 47 నిట్లకు చేరి హాలు ప్రమాణాన్ని అందుకుంటుంది. వంద ల్యూమెన్ల పరికరానికి ఆ హద్దు 50 అంగుళాలు. 2008 నాటి పది ల్యూమెన్ల పరికరానికి 16 అంగుళాలే. బొమ్మ కొలత రెట్టింపైతే విస్తీర్ణం నాలుగింతలై వెలుగు నాలుగో వంతుకు పడిపోవడమే దీనికి కారణం. పెట్టె మీద 200 అంగుళాలని రాసి ఉన్నా చూడదగ్గ బొమ్మ కొలతను ల్యూమెన్లే తేలుస్తాయి.

చుట్టూ ఉన్న వెలుగు రెండో చిక్కు. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. వెలుగు పడని చోటే నలుపు. ట్యూబ్‌లైట్ వెలుగుతున్న గదిలో గోడ మీద వంద లక్స్ ఉంటే, తెర మీది అత్యంత నల్లని చోటు కూడా ఆ వంద లక్స్‌తో బూడిద రంగులో కనిపిస్తుంది. దాని మీద ప్రొజెక్టర్ వేసే 72 లక్స్‌తో తెలుపు, నలుపుల తేడా రెండింతలు కూడా ఉండదు. ఆరుబయట వెన్నెల ఒక లక్స్‌లో మూడో వంతు కూడా ఉండదు కాబట్టి పున్నమి రాత్రి అడ్డు కాదు. వీధి దీపం పది లక్స్ వేసినా బొమ్మ వెలవెలబోతుంది. కామారెడ్డి ప్రాంతంలో మే నెలాఖరున పొద్దు ఆరు ముప్పావుకు కుంకుతుంది. ఏడున్నర దాకా తెర తెల్లగానే ఉంటుంది. డిసెంబరులో ఆరున్నరకే బొమ్మ వేయవచ్చు.

కొనేటప్పుడు తిరకాసు కూడా ల్యూమెన్ల దగ్గరే ఉంది. తెరను తొమ్మిది గడులుగా విభజించి, ఒక్కో గడిలో వెలుగు కొలిచి సగటు తీసేది ఆన్సీ పద్ధతి. ఐఎస్ఓ 21118 ప్రమాణం కూడా ఇలాంటి కొలతే చెబుతుంది. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే పెట్టెల మీద ‘8000 ల్యూమెన్లు’, ‘10000 ల్యూమెన్లు’ అని కనిపించే అంకెలకు ఈ కొలతతో సంబంధం ఉండదు. అలాంటివి అసలు కొలతలో ఒకటి రెండు వందల దగ్గర ఆగిపోవడం మామూలే. ‘4కే సపోర్ట్’ అన్న మాట కూడా 4కే వీడియోను తీసుకుంటుందనే చెబుతుంది. తెర మీద పడే చుక్కల సంఖ్య అసలు రిజల్యూషన్‌ను బట్టి ఉంటుంది. అది 854×480, 1280×720, 1920×1080లలో ఏదో పెట్టె మీద చిన్న అక్షరాల్లో వెతకాలి.

సినిమా చూడటం

ఇంటి వాడకంలో జేబు ప్రొజెక్టర్ బలం, పడుకునే గదిలో గానీ మేడ మీద గానీ తెల్లని గోడ ఉంటే చాలన్నదే. కొత్తగా సున్నం వేసిన గోడ మంచి తెర. మడతలు లేకుండా బిగించి కట్టిన తెల్ల దుప్పటి కూడా పనికొస్తుంది. పల్చటి బట్టయితే సగం వెలుగు వెనక్కి పోతుంది. ఊళ్లలో వాడేసిన ఫ్లెక్సీ బ్యానర్ వెనక వైపు తెల్లగా ఉంటే దాన్ని తెరగా కట్టడం సులువు. అది మెరుస్తుంది కాబట్టి ఎదురుగా కూర్చున్నవారికి మధ్యలో తెల్లని మచ్చ, పక్కన కూర్చున్నవారికి మసక కనిపిస్తాయి. ఫ్లెక్సీని కొద్దిగా కిందికి వాలేట్టు కడితే ఆ మెరుపు తగ్గుతుంది.

తెలుగు సినిమా నిడివి ఈ పరికరాలకు ఒక పరీక్ష. చాలా బ్యాటరీలు పూర్తి వెలుగులో రెండు, రెండున్నర గంటలే నిలుస్తాయి. మన సినిమాలు రెండున్నర నుంచి మూడు గంటలు. క్లైమాక్స్‌లో బొమ్మ పోకుండా ఉండాలంటే ఇంటర్వెల్‌లో చార్జింగ్ పెట్టుకోవాలి, లేదా యూఎస్‌బీ పీడీ పద్ధతిలో తగినన్ని వాట్లు ఇచ్చే పవర్‌బ్యాంకుతో నడపాలి. ఫోన్‌కు సరిపోయే పది వాట్ల పవర్‌బ్యాంకు వీటిలో చాలావాటికి చాలదు. వెలుగు తగ్గించే ఎకో మోడ్‌లో సమయం పెరుగుతుంది, దానికి తగ్గట్టు బొమ్మనూ చిన్నది చేసుకోవాలి.

శబ్దం ఇంకో లోటు. రెండు మూడు వాట్ల స్పీకర్ గదికి సరిపోతుంది, మేడ మీద గాలికి వినపడదు. బ్లూటూత్ స్పీకర్ కలిపితే కొన్నిసార్లు పెదవుల కదలిక ముందు, మాట వెనకగా వస్తుంది. తీగ పెట్టి హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి యాంప్లిఫయర్‌కు కలిపితే ఆ తేడా ఉండదు. ఓటీటీ యాప్‌ల విషయంలో మరో ఇబ్బంది ఉంది. కొన్ని సంస్థలు తాము ధ్రువీకరించని పరికరాల్లో యాప్‌ను నడవనివ్వవు. ఫోన్ తెరను అద్దంలా పంపే పద్ధతిలోనూ కాపీ రక్షణ వల్ల నల్ల తెరే పడుతుంది. ధ్రువీకరణ ఉన్న స్టిక్‌ను హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెట్టడం దీనికి విరుగుడు. అమెరికా, ఆస్ట్రేలియాల్లోని తెలుగువారు వేసవి సాయంత్రాల్లో ఇంటి పెరట్లో తెర కట్టి తెలుగు సినిమాలు వేసుకునేందుకు కూడా ఇలాంటి పరికరాలే వాడుతున్నారు.

ప్రజెంటేషన్లు, తెలుగు అక్షరం

పది మంది కూర్చునే చిన్న గదిలో కిటికీలు మూస్తే జేబు ప్రొజెక్టర్ ఆఫీసు పనికి సరిపోతుంది. ఫోన్ నుంచే స్లయిడ్లు నడపవచ్చు. పగటిపూట హాల్లో, యాభై మంది ముందు ఇది నిలవదు. అక్కడ మూడు వేల ల్యూమెన్ల పైబడిన పెద్ద ప్రొజెక్టర్ గానీ పెద్ద టీవీ గానీ కావాలి.

తెలుగులో స్లయిడ్లు చేసేవారికి ఒక ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. తెలుగు అక్షరం నిలువునా పెరుగుతుంది. తలకట్టు, గుడి పైన, ఒత్తులు కింద చేరుతాయి. 480 గీతల పరికరంలో ఇంగ్లిషు అక్షరానికి చాలిన చుక్కలు ‘స్త్ర’, ‘ష్ట్ర’ వంటి సంయుక్తాలకు చాలవు. ఒత్తులు ముద్దగా అతుక్కుని ‘క్క’కూ ‘క్త’కూ తేడా తెలియదు. అందుకే తెలుగు అక్షరాలను ఇంగ్లిషు కన్నా పెద్దవిగా, వరుసల మధ్య ఎక్కువ ఎడంతో, స్లయిడ్‌కు ఐదారు వరుసలకు మించకుండా రాయాలి. చీకటి గదిలో నల్లని నేపథ్యం మీద తెల్లని అక్షరాలు, కొంచెం వెలుగున్న గదిలో తెల్లని నేపథ్యం మీద నల్లని అక్షరాలు బాగా కనిపిస్తాయి. చవక పరికరాల్లో తెలుగు ఫాంటు లేకపోతే ఫైళ్ల పేర్లు, సబ్‌టైటిళ్లు డబ్బాలుగా పడతాయి. స్లయిడ్లను ముందే పీడీఎఫ్‌గానో ఫొటోలుగానో మార్చి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే ఈ బెడద ఉండదు.

వ్యవసాయ విస్తరణలో

జేబు ప్రొజెక్టర్ తెలుగు పల్లెల్లో ఒక పద్ధతి ప్రకారం పనికొచ్చిన రంగం వ్యవసాయం. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో 2006లో రికిన్ గాంధీ మొదలుపెట్టిన ప్రయోగం తరువాత డిజిటల్ గ్రీన్ అనే స్వతంత్ర సంస్థ అయింది. రైతులే నటించిన, వారి పొలంలోనే తీసిన, ఎనిమిది పది నిమిషాల వీడియోలను అదే ప్రాంతపు రైతులకు చూపడం దాని విధానం. కర్ణాటకలో 16 గ్రామాల్లో జరిపిన తొలి పరిశీలనలో, పాత శిక్షణ పద్ధతి కన్నా ఈ పద్ధతిలో కొన్ని సాగు విధానాలను ఏడింతల మంది రైతులు పాటించారని, ఖర్చు లెక్కన ఇది కనీసం పదింతలు ఫలవంతమని 2009లో ప్రచురించారు. మొదట్లో టీవీ, డీవీడీ ప్లేయర్ మోసుకు తిరిగేవారు. కరెంటు లేని చోట అవి పనిచేసేవి కావు. బ్యాటరీతో నడిచే పికో ప్రొజెక్టర్ వచ్చాక ఒక్క కార్యకర్త సంచిలో వేసుకుని తండాకో గూడేనికో వెళ్లగలిగాడు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలోనూ ఇలాంటి వీడియో ప్రదర్శనలు సాగాయి.

ఆ ప్రదర్శన తీరు గమనించదగ్గది. సాయంత్రం పదిహేను ఇరవై మంది మహిళా సంఘం సభ్యులు ఒక ఇంట్లో గోడకు ఎదురుగా కూర్చుంటారు. ప్రొజెక్టర్‌ను పీట మీదో డబ్బా మీదో పెడతారు. విత్తనాలకు పట్టించే బీజామృతం కలిపే దృశ్యం వస్తుంది. పేడ, మూత్రం, సున్నం పాళ్లు చెప్పగానే కార్యకర్త బొమ్మను ఆపుతాడు. ‘సున్నం ఎంత చెప్పిండు?’ అని అడుగుతాడు. ఒకరు చెబుతారు, ఇంకొకరు సరిదిద్దుతారు. మళ్లీ బొమ్మ నడుస్తుంది. చివర్లో ఎవరు చేసి చూస్తామన్నారో రాసుకుంటాడు, తరువాత వచ్చి నిజంగా చేశారో లేదో చూస్తాడు. ఇక్కడ ఫలితం వచ్చేది ఆపి అడిగే మనిషి వల్ల, చిన్న గుంపు వల్ల. అదే వీడియోను వాట్సాప్‌లో పంపితే చూసినవారెవరో, అర్థమైందెవరికో తెలియదు.

బడుల్లో, గాంధారి ప్రాంతంలో

పాఠశాలల కోసం ఐఐటీ బొంబాయి, ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ కలిసి రూపొందించిన కె-యాన్ పరికరం కంప్యూటర్‌ను, ప్రొజెక్టర్‌ను, స్పీకర్‌ను ఒకే పెట్టెలో అమర్చింది. అది జేబులో పట్టేది కాదు గానీ ఆలోచన ఒకటే: తీగలు, పెట్టెలు తగ్గించి టీచర్ ఒక్కరే నడపగలిగేట్టు చేయడం. తెలంగాణ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 2016లో మొదలైన డిజిటల్ పాఠాలకు వీటిని వాడారు. రైతుల కోసం రాష్ట్రమంతటా కట్టిన 2,601 రైతు వేదికల్లో కొన్నింటిలో 2024 నుంచి వీడియో కాన్ఫరెన్స్ ఏర్పాట్లు చేశారు. ఇవన్నీ ఒక చోట స్థిరంగా ఉండే సామగ్రి. జనమే అక్కడికి రావాలి.

గాంధారి పరిస్థితి చూస్తే జనం దగ్గరికి వెళ్లే పరికరం అవసరం బోధపడుతుంది. ఎల్లారెడ్డి శాసనసభ నియోజకవర్గంలోని ఈ మండలం 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా నిజామాబాద్ జిల్లాలో ఉండేది. మండలంలో లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. 2018 పంచాయతీరాజ్ చట్టం తరువాత అయిదు వందల పైబడిన జనాభా గల తండాలు రాష్ట్రమంతటా సొంత పంచాయతీలయ్యాయి. ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు నడిచే చోట, తెలుగులో తీసిన ఆరోగ్య వీడియోను ఆపి ఆపి తమ మాటలో చెప్పే అంగన్‌వాడీ టీచరో ఆశా కార్యకర్తో ఉంటే జేబు ప్రొజెక్టర్‌కు నిజమైన పని దొరుకుతుంది. పగలు మక్క చేనులోనో వరి నాట్లలోనో ఉండే మనుషులు రాత్రి ఏడు తరువాతే తీరికగా కూర్చుంటారు. పరికరానికి కావలసిన చీకటి కూడా అప్పుడే దొరుకుతుంది.

ఆరుబయట తెర కట్టేవారికి ఇక్కడి రుతువులు కొన్ని పాఠాలు చెబుతాయి. తొలకరి వానల తరువాత ఉసిళ్లు వెలుగు చూసి గుంపులుగా వస్తాయి. కటకం ముందు ఎగిరే ఒక్క పురుగు నీడ తెర మీద పెద్దదై పడుతుంది. పరికరానికి దూరంగా, జనానికి వెనక ఒక బల్బు వెలిగిస్తే చాలా పురుగులు అటు పోతాయి. ఎండాకాలంలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. చాలా పరికరాలు 35 లేదా 40 డిగ్రీల వరకే పనిచేయడానికి తయారయ్యాయి. ఎండలో నిలిపిన ఆటోలోనో కారులోనో వదిలేసిన పరికరాన్ని వెంటనే ఆన్ చేస్తే ఫ్యాన్ మోతతో కాసేపు నడిచి ఆగిపోతుంది. దుమ్ము లోపలికి చేరితే ఎల్‌సీడీ పరికరాల్లో బొమ్మ మీద మచ్చలు నిలుస్తాయి. మిల్లు దగ్గర, కల్లం దగ్గర వాడేవారు లోపలి భాగాలు మూసి బిగించిన పరికరం ఎంచుకోవాలి. పిల్లలు కటకంలోకి తొంగి చూడకుండా పరికరాన్ని వారి కంటి ఎత్తుకు పైన పెట్టాలి.

చట్టపరమైన విషయాలు

ఇంట్లో కుటుంబంతో, స్నేహితులతో సినిమా చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నలుగురూ వచ్చే చోట వేస్తే అది బహిరంగ ప్రదర్శన. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ ఉన్న చిత్రాన్నే, రాష్ట్ర సినిమా నియంత్రణ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న చోటే బహిరంగంగా వేయాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుదారు అనుమతీ కావాలి. టికెట్ పెట్టలేదన్న ఒక్క కారణంతో ఈ నియమాలు తొలగిపోవు. వినాయక మండపం దగ్గరో జాతరలోనో కొత్త సినిమా వేయాలనుకునే యువజన సంఘాలు దీన్ని గుర్తుంచుకోవాలి. ఓటీటీ చందా సొంత వాడకానికే చెల్లుతుంది. విద్యా సంస్థల కార్యక్రమంలో భాగంగా విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులకే పరిమితమైన ప్రదర్శనకు కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. హాల్లో సినిమాను కెమెరాతో తీసినవారికి 2023 సవరణ మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, మూడు లక్షల రూపాయల నుంచి మొదలయ్యే జరిమానా విధిస్తుంది. అలాంటి కాపీలను తెర మీద వేయడం అంతకన్నా నిరపాయమని అనుకోవడానికి లేదు. సొంతంగా తీసిన వీడియోలకు, హక్కుదారులు స్వేచ్ఛగా వాడుకోమన్న విద్యా చిత్రాలకు కాపీరైట్ చిక్కు లేదు.

ఎంపిక, పరిమితులు

కొనేవారు ముందు తేల్చుకోవలసింది పని. ఒక్కరో ఇద్దరో పడుకుని సినిమా చూడటానికి, పదిహేను మంది సంఘం సమావేశానికి రెండు మూడు వందల ఆన్సీ ల్యూమెన్లు, సొంత బ్యాటరీ, 720 గీతలు సరిపోతాయి. పెన్‌డ్రైవ్, హెచ్‌డీఎంఐ, హెడ్‌ఫోన్ రంధ్రాలు మూడూ ఉండటం ముఖ్యం. ఊళ్లలో వైఫైని నమ్ముకోకుండా నడిచేది పెన్‌డ్రైవే. కొనేముందు వీలైతే దుకాణంలో లైట్లు ఆపించి, తెలుగు అక్షరాలున్న ఒక స్లయిడ్ వేయించి మూలల్లో కూడా చదవగలుగుతున్నామా అని చూడాలి. మధ్యలో స్పష్టంగా, మూలల్లో మసకగా ఉండటం చవక కటకాల గుర్తు. మరమ్మతు ఎక్కడ చేస్తారో కూడా అడిగి తెలుసుకోవాలి. పాడైతే హైదరాబాద్ దాకా పంపాల్సి వచ్చే పరికరం బడికి గానీ సంఘానికి గానీ ఏడాదిలో మూల పడుతుంది. కాలం తీరిన పరికరాన్ని, ముఖ్యంగా దాని లిథియం బ్యాటరీని, చెత్తలో వేయకుండా ఈ-వ్యర్థాల సేకరణకు ఇవ్వాలి.

టీవీల ధరలు తగ్గిన కొద్దీ, ఒకే గదిలో పగలూ రాత్రీ చూసే కుటుంబానికి ప్రొజెక్టర్ కన్నా 43 అంగుళాల టీవీయే లాభసాటి. పట్టపగటి తరగతి గదికి, వందలాది జనం చేరే సభకు జేబు ప్రొజెక్టర్ పనికిరాదు. ఇది అన్నిటికన్నా బాగా ఒప్పే సందర్భం ఒకటుంది: చూపవలసిన చోటు రోజుకొకటి మారుతూ, చూసేవారు ఇరవై మంది లోపుండి, పొద్దు కుంకాక కూర్చునే వీలున్నప్పుడు. గాంధారి చుట్టుపక్కల తండాల్లో తిరిగే కార్యకర్త పని సరిగ్గా అలాంటిదే. కాబట్టి ఇలాంటి పరికరం కొనే శాఖలు, సంఘాలు డబ్బు లెక్కలో పెట్టె ధరతో పాటు ఆ ప్రాంతపు భాషలో తీసిన వీడియోలకు, వాటిని ఆపి అడిగే మనిషి జీతానికి కూడా చోటు ఉంచాలి.